జైన దర్శనంలో తత్త్వాలు

మోక్షం కోరేవారు తెలుసుకుని నమ్మవలసినవిగా జైన శాస్త్రాలు చెప్పే మూల విషయాలే తత్త్వాలు. జీవం, అజీవం, ఆస్రవం, బంధం, సంవరం, నిర్జర, మోక్షం అని ఇవి ఏడు. పుణ్యాన్నీ పాపాన్నీ విడిగా లెక్కపెట్టే గ్రంథాల్లో తొమ్మిదవుతాయి. అప్పుడు వీటిని నవతత్త్వాలనీ నవపదార్థాలనీ అంటారు. జైనంలోని రెండు ప్రధాన శాఖలైన శ్వేతాంబరులకూ దిగంబరులకూ ఆచారాల్లోనూ ఆగమాల విషయంలోనూ ఎన్ని పేచీలున్నా, ఈ పట్టిక దగ్గర మాత్రం తగాదా లేదు.

పట్టికను నిదానంగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. మొదటి రెండే వస్తువులు. తక్కిన అయిదూ ఆ రెండింటి మధ్య జరిగే పనులు, ఆ పనుల వల్ల ఏర్పడే స్థితులు. జడమైన కర్మ జీవంలోకి వచ్చి చేరడం ఆస్రవం, అంటుకుని ఉండిపోవడం బంధం, కొత్తది రాకుండా ఆపడం సంవరం, చేరినదాన్ని రాల్చడం నిర్జర, పూర్తిగా విడిపోవడం మోక్షం. లోకంలో ఏమేమి ఉన్నాయి అని అడిగితే జైనులు ఈ పట్టిక చూపించరు. దానికి ఆరు ద్రవ్యాల పట్టిక వేరే ఉంది. జీవికి ఏమైంది, ఇప్పుడేం చేయాలి అన్నవాటికి జవాబు ఈ తత్త్వాలు. పరిచయ గ్రంథాలు చాలావరకు రెండు పట్టికలనూ కలగలిపేస్తాయి. అందుకే జైన దర్శనమంటే వర్గీకరణల గుట్ట అనే పేరు పడిపోయింది. ఆ పేరు పూర్తిగా అన్యాయం కాదు గానీ, తత్త్వాల విషయంలో చెల్లదు.

గ్రంథాలు, సంఖ్య

శ్వేతాంబర ఆగమాల్లో ఉత్తరాధ్యయన సూత్రం 28వ అధ్యాయం మోక్షమార్గాన్ని చెబుతూ తొమ్మిది తత్త్వాలను పేర్కొంటుంది. స్థానాంగ సూత్రంలోనూ తొమ్మిదే. దిగంబర సంప్రదాయానికి మూలపురుషుడైన కుందకుందాచార్యుడు ప్రాకృతంలో రాసిన పంచాస్తికాయం, సమయసారం కూడా తొమ్మిది పదార్థాలనే చర్చిస్తాయి. సమయసారంలో అధ్యాయాల విభజనే చాలావరకు వీటిని అనుసరించి సాగుతుంది.

ఏడు అన్న లెక్కకు వ్యాప్తి తెచ్చింది తత్త్వార్థసూత్రం. దీని కర్తను శ్వేతాంబరులు ఉమాస్వాతి అంటారు, దిగంబరులు ఉమాస్వామి అనీ గృధ్రపింఛుడనీ అంటారు. క్రీ.శ. 2వ శతాబ్దానికీ 5వ శతాబ్దానికీ మధ్య ఎక్కడో ఆయన కాలం. అంతవరకు ప్రాకృతంలో చెదురుగా ఉన్న సిద్ధాంతాన్ని సంస్కృత సూత్రాల్లోకి కుదించి, పది అధ్యాయాల్లో సర్దాడు. దిగంబర పాఠంలో 357 సూత్రాలు, శ్వేతాంబర పాఠంలో 344. రెండు శాఖలూ ప్రమాణంగా తలకెత్తుకునే ప్రాచీన సిద్ధాంత గ్రంథం ఇది. దిగంబరుల్లో పూజ్యపాదుని సర్వార్థసిద్ధి, అకలంకుని రాజవార్తికం, విద్యానందుని శ్లోకవార్తికం దీనికి వచ్చిన ప్రసిద్ధ వ్యాఖ్యలు. శ్వేతాంబరులు సూత్రకారుడే రాశాడని చెప్పే స్వోపజ్ఞ భాష్యాన్ని పట్టుకుంటారు. దిగంబరులు ఆ కర్తృత్వాన్ని ఒప్పుకోరు.

పది అధ్యాయాల అమరికే ఏడు తత్త్వాల అమరిక. మొదటిది జ్ఞాన సాధనాల గురించి. రెండు, మూడు, నాలుగు జీవం గురించి, జీవులు తిరిగే లోకాల గురించి. అయిదోది అజీవం, ఆరు ఏడు ఆస్రవం, ఎనిమిది బంధం, తొమ్మిది సంవర నిర్జరలు, పది మోక్షం. ఈ వరసే ఎందుకు అన్న ప్రశ్న పూజ్యపాదుడికే తట్టింది. ఫలమంతా ఆత్మదే కనుక జీవం ముందు. దానికి తోడ్పడేది కనుక తరవాత అజీవం. రెండింటికీ సంబంధించింది కనుక ఆస్రవం. దాని వెంట వచ్చేది బంధం. ఆస్రవానికి అడ్డు సంవరం. సంవరం ఉన్నచోటే నిర్జర సార్థకం. అన్నిటి చివర దొరికేది మోక్షం. వరస తప్పిస్తే పట్టికకు అర్థమే పోతుంది.

తత్త్వార్థసూత్రం ప్రకారం ఈ ఏడింటి మీద గట్టి నమ్మకమే సమ్యగ్దర్శనం. సమ్యగ్జ్ఞానం, సమ్యక్చారిత్రం దానికి తోడైతే రత్నత్రయం. ఆ మూడూ కలిసే మోక్షమార్గం. అంటే జైనుడి విశ్వాసానికి గురి దేవుడు కాదు, ఈ పట్టిక. సృష్టికర్తను ఒప్పుకోని మతంలో శ్రద్ధ అనేదానికి ఇంత పెద్ద పీట దొరకడం గమనించదగ్గది.

జీవం

జీవానికి లక్షణం ఉపయోగం, అంటే చైతన్యం పనిచేయడం. అది జ్ఞానంగానూ దర్శనంగానూ రెండు తీరుల్లో ఉంటుంది. జీవులు అనంతం, ఏ ఇద్దరి ఆత్మా ఒకటి కాదు. ఆత్మ ఒక్కటే అనే అద్వైతానికీ, ఆత్మే లేదనే బౌద్ధానికీ జైనం సమదూరంలో నిలబడింది. మిగిలిన భారతీయ దర్శనాలతో దీనికి పొసగని చోటు ఇంకొకటి ఉంది: జైనుల ఆత్మకు పరిమాణం ఉంది. ఏ శరీరంలో ఉంటే అంతమేరా వ్యాపిస్తుంది, శరీరం మారితే ముడుచుకుంటుంది లేదా విచ్చుకుంటుంది. ప్రతి ఆత్మకూ అసంఖ్యాత ప్రదేశాలు, అంటే చోటుకు అతి చిన్న కొలతలు, ఉంటాయి; లోకం ఉన్నంత మేర ఆకాశమైన లోకాకాశానికి ఎన్నో దీనికీ అన్నే. అవసరమైతే లోకమంతా నిండగలదు. ఆ అవసరం ఎప్పుడొస్తుందో మోక్షం దగ్గర చూద్దాం.

జీవులు సంసారులు, ముక్తులు అని రెండు రకాలు. సంసారుల్లో కదిలేవి త్రసాలు, కదలనివి స్థావరాలు. నేల, నీరు, నిప్పు, గాలి, చెట్టుచేమలే శరీరంగా గలవి స్థావరాలు. వీటికి స్పర్శ ఒక్కటే ఇంద్రియం. దిగంబర పాఠం అయిదింటినీ స్థావరాలంటుంది. శ్వేతాంబర పాఠం నిప్పునూ గాలినీ కదలిక ఉంది కనుక త్రసాల్లో చేర్చింది. పురుగుకు రెండు ఇంద్రియాలు, చీమకు మూడు, తుమ్మెదకు నాలుగు, మనిషికీ పశువులకూ దేవతలకూ నారకులకూ అయిదు. ఇంద్రియాలు ఎన్ని ఎక్కువ ఉంటే హింసలో దోషం అంత ఎక్కువ. జైన గృహస్థు దేన్ని తినాలో దేన్ని మానాలో తేలేది ఇక్కడే.

అన్నిటికంటే కింది మెట్టు నిగోదం. ఒకే శరీరంలో అనంతమైన జీవులు కలిసి పుట్టి, కలిసి ఊపిరి తీసి, కలిసి చచ్చే స్థితి అది. దుంపలు ఇలాంటి అనంత జీవులకు నెలవని శాస్త్రం. ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి, చామదుంప వంటివి జైనుల వంటింట్లోకి రానిది అందుకే. బంగాళాదుంప ఈ దేశానికి చాలా తరవాత వచ్చినా పాత నియమం దాన్నీ వదల్లేదు. నిగోదం ఇంకో చిక్కును కూడా తీరుస్తుంది. ముక్తి పొందినవారు తిరిగి రారు. రోజురోజుకూ కొందరు ముక్తులవుతూ ఉంటే ఎప్పటికైనా సంసారం ఖాళీ అయిపోదా? కాదంటారు జైనులు. నిగోదంలో ఉన్న జీవులకు అంతం లేదు, అనంతంలోంచి ఎన్ని తీసినా అనంతమే మిగులుతుంది. కొన్ని జీవులు ఇంతవరకు ఆ స్థితి దాటి ఒక్కసారి కూడా బయటికి రాలేదని కూడా చెబుతారు.

అజీవం

అజీవంలో అయిదు ద్రవ్యాలున్నాయి: పుద్గలం, ధర్మం, అధర్మం, ఆకాశం, కాలం. జీవంతో కలిపి ఆరు. కాలం తప్ప మిగిలిన అయిదింటికీ వ్యాప్తి ఉంది కనుక వాటిని అస్తికాయాలంటారు. కాలం విషయంలో శ్వేతాంబరుల్లో కొందరికి అది విడి ద్రవ్యమేనా అన్న అనుమానం మొదటినుంచీ ఉంది. లోకాకాశంలో ప్రతి ప్రదేశంలోనూ ఒక్కొక్క కాలాణువు విడివిడిగా ఉంటుందని దిగంబరుల మతం.

ధర్మ అధర్మాలకు ఇక్కడ పుణ్యపాపాలతో సంబంధం లేదు. కదిలేవాటికి కదలడానికి తోడుగా ఉండే ద్రవ్యం ధర్మం. ఆగేవాటికి ఆగడానికి తోడుగా ఉండేది అధర్మం. అవి ఎవరినీ తొయ్యవు, ఎవరినీ పట్టుకోవు. లోకం ఉన్నంత మేరా వ్యాపించి ఊరికే ఉంటాయి. లోకానికి ఆవల అలోకాకాశం అనంతంగా ఉన్నా, అక్కడ ఈ రెండూ లేవు కనుక ఏదీ అటు వెళ్లలేదు. ఇతర భారతీయ దర్శనాల్లో దీనికి సరిజోడు కనబడదు.

పుద్గలమంటే స్పర్శ, రుచి, వాసన, రంగు ఉన్న పదార్థం. దాని కడపటి తునక పరమాణువు. వైశేషికులు నేల పరమాణువు వేరు, నీటి పరమాణువు వేరు అన్నారు. జైనులు పరమాణువులన్నీ ఒకే జాతి అన్నారు, భేదమంతా అవి కలిసే తీరులో ఉంది. కొన్నిటికి జిగురు, కొన్నిటికి గరుకు. ఆ గుణాల ఎక్కువ తక్కువలను బట్టి అతుక్కుని స్కంధాలవుతాయి. శబ్దం ఆకాశ గుణమని న్యాయ వైశేషికులు అంటే, కాదు, అది పుద్గలమే అన్నారు జైనులు. వెలుగు, చీకటి, నీడ, ఎండ కూడా పుద్గల పరిణామాలే. ఒక పరమాణువు పట్టే చోటు ప్రదేశం. ఒక ప్రదేశం నుంచి పక్క ప్రదేశానికి అది మెల్లగా కదలడానికి పట్టే వ్యవధి సమయం, కాలానికి అంతకంటే చిన్న కొలత లేదు.

ఏ ద్రవ్యమైనా సరే పుట్టుక, నాశం, నిలకడ మూడూ ఒకేసారి కలిగి ఉంటుంది. సమంతభద్రుడు ఆప్తమీమాంసలో ఇచ్చిన ఉదాహరణ దీనికి బాగా పేరుపడింది. బంగారు కుండను కరిగించి కిరీటం చేస్తే కుండ కావాలన్నవాడు ఏడుస్తాడు, కిరీటం కావాలన్నవాడు సంతోషిస్తాడు, బంగారం చాలన్నవాడికి ఏ తేడా కనబడదు. ముగ్గురి అనుభవమూ నిజమే. వస్తువుకు అనేక ముఖాలుంటాయనే అనేకాంతవాదానికి పునాది ఇక్కడుంది. తత్త్వాల కథ కూడా ఈ మాట మీదే నడుస్తుంది. జీవం నిత్యం కాబట్టి బంధంలో ఉన్నదే ముక్తి పొందుతుంది. దాని స్థితులు మారతాయి కాబట్టే బంధమూ ముక్తీ రెండూ సాధ్యం.

ఆస్రవం, బంధం

జైన దర్శనంలో అసలైన సాహసం ఇక్కడ కనిపిస్తుంది. కర్మ అంటే తక్కిన దర్శనాల్లో చేసిన పని తాలూకు ఫలం, సంస్కారం, అదృష్టం వంటి కంటికి కనబడని శక్తి. జైనులకు కర్మ ఒక పదార్థం. అది పుద్గలం. లోకమంతా నిండి ఉన్న అతి సూక్ష్మమైన పుద్గల రాశుల్లో కర్మగా మారగలవి కొన్ని ఉన్నాయి. మనసు, మాట, శరీరం కదిలినప్పుడు ఆత్మ ప్రదేశాల్లో ఒక అదురు పుడుతుంది. దానికి యోగమని పేరు. యోగశాస్త్రంలోని యోగానికీ దీనికీ పోలిక లేదు. ఆ అదురుకు కర్మ పుద్గలాలు ఆత్మవైపు వచ్చి చేరతాయి. ఇదే ఆస్రవం.

వచ్చినదంతా అంటుకోదు. అంటుకోవడానికి కషాయం కావాలి. క్రోధం, మానం, మాయ, లోభం అని కషాయాలు నాలుగు. తీవ్రతను బట్టి ఒక్కొక్కటీ నాలుగేసి. కషాయం ఉన్నవారి ఆస్రవం సాంపరాయికం, అది సంసారాన్ని పెంచుతుంది. కషాయం పోయినవారికి వచ్చేది ఈర్యాపథికం, వచ్చిన మరుక్షణమే రాలిపోతుంది. ఒకే పని ఇద్దరు చేసినా ఒకరికి బంధం, ఇంకొకరికి లేదు అనడానికి ఆధారం ఇది. మిథ్యాత్వం, అవిరతి, ప్రమాదం, కషాయం, యోగం అనే అయిదూ బంధ హేతువులని తత్త్వార్థసూత్రం. అన్నిట్లోకీ బలమైనది మిథ్యాత్వం, అంటే ఈ తత్త్వాలనే తలకిందులుగా అర్థం చేసుకోవడం.

నేమిచంద్రుడు 58 గాథల ద్రవ్యసంగ్రహంలో ప్రతి తత్త్వానికీ భావమనీ ద్రవ్యమనీ రెండు ముఖాలు చూపించాడు. ఆత్మలో కలిగే రాగద్వేషాలు భావాస్రవం, వాటి వల్ల వచ్చి చేరే పుద్గలం ద్రవ్యాస్రవం. మొదటిదాన్ని సాధకుడు తన లోపల చూసుకోగలడు. రెండోది శాస్త్రం చెబితే తెలియవలసిందే.

బంధానికి నాలుగు కొలతలు. అంటుకున్న కర్మ ఏ స్వభావంగా పనిచేస్తుందో అది ప్రకృతి. ఎంతకాలం ఉంటుందో అది స్థితి. ఎంత ఘాటుగా ఫలిస్తుందో అది అనుభాగం. ఎంత రాశి చేరిందో అది ప్రదేశం. ప్రకృతి, ప్రదేశాలు యోగాన్ని బట్టి, స్థితి అనుభాగాలు కషాయాన్ని బట్టి తేలతాయి. అంటే పని ఎంత పెద్దది అన్నది కర్మ రాశిని తేలుస్తుంది. ఆ పనిలో ఎంత కోపం, ఎంత లోభం ఉన్నాయన్నది శిక్ష ఎంతకాలమో, ఎంత ఘాటో తేలుస్తుంది. నీతిశాస్త్రంగా చూసినా ఇది నిక్కమైన పరిశీలన.

ప్రకృతులు ఎనిమిది. జ్ఞానావరణీయం జ్ఞానాన్ని కప్పుతుంది, దర్శనావరణీయం దర్శనాన్ని. వేదనీయం సుఖదుఃఖాలనిస్తుంది. మోహనీయం దృష్టినీ నడతనూ చెడగొడుతుంది. ఆయుష్కర్మ ఈ జన్మ ఎంతకాలమో నిర్ణయిస్తుంది, నామకర్మ శరీరాన్నీ గతినీ, గోత్రకర్మ పుట్టుక హెచ్చుతగ్గులనూ. అంతరాయం ఇవ్వబోయే చేతినీ పొందబోయే చేతినీ ఆపుతుంది. మొదటి రెండూ, మోహనీయం, అంతరాయం ఆత్మ గుణాలనే దెబ్బతీస్తాయి కనుక ఘాతి కర్మలు. తక్కిన నాలుగూ అఘాతులు. ఉపభేదాలు లెక్కిస్తే 148. నామకర్మ ఒక్కదానికే 93 ఉన్నాయి. శరీరం రంగు, గొంతు, కీళ్ల పటుత్వం అన్నీ అందులోకి వస్తాయి.

వీటన్నిటికీ రాజు మోహనీయం. దాని గరిష్ఠ స్థితి 70 కోటాకోటి సాగరోపమాలు. సాగరోపమం అంకెలకు అందే కాలం కాదు. యోజనం వెడల్పు, అంతే లోతు ఉన్న గోతిలో మెత్తని వెంట్రుక తునకలు కూరి, నూరేళ్లకు ఒకటి చొప్పున తీస్తూ పోతే గొయ్యి ఖాళీ కావడానికి పట్టే కాలంతో లెక్క మొదలుపెట్టి, దాన్ని మళ్లీ కోటాకోట్లతో హెచ్చవేస్తారు.

ఇంతా చేసి ఇది తలరాత సిద్ధాంతం కాదు. కట్టుకున్న కర్మ కట్టుకున్నట్టే ఫలించాలని లేదు. గడువుకు ముందే ఫలింపజేయవచ్చు, స్థితిని తగ్గించవచ్చు, ఒక ఉపభేదాన్ని ఇంకొక ఉపభేదంగా మార్చవచ్చు, కొంతకాలం అణచి ఉంచవచ్చు. దిగంబర కర్మగ్రంథాలు ఇలాంటి దశలు పది చెప్పాయి. అందులో నికాచితమనే ఒక్కటే ఏ ప్రయత్నానికీ లొంగనిది. కర్మకు ఇంత వివరమైన యంత్రాంగం గీసింది మనిషి చేతిలో పట్టు ఎక్కడెక్కడ ఉందో చూపడానికే.

చిక్కు ఒకటుంది. రూపం లేని ఆత్మకు రూపమున్న పుద్గలం ఎలా అంటుకుంటుంది? సంసారి ఆత్మ ఏనాడూ శుద్ధంగా లేదు, అనాది నుంచి కర్మతో కలిసే ఉంది, కనుక వ్యవహారంలో దాన్ని మూర్తమనే చెప్పవచ్చు అని ఆచార్యుల జవాబు. మొదటి బంధం ఎలా కలిగింది అన్న ప్రశ్నకే తావు లేకుండా చేశారు. కుందకుందుడికి ఇది చాలలేదు. నిశ్చయ దృష్టితో, అంటే వ్యవహారాన్ని పక్కనపెట్టి పరమార్థంగా చూస్తే ఏ ద్రవ్యమూ ఇంకో ద్రవ్యాన్ని మార్చదు. ఆత్మ తన భావాలకే కర్త, పుద్గలం తనంత తానే కర్మగా మారుతుంది, ఒకటి ఇంకొకదానికి నిమిత్తం మాత్రమే అన్నాడు. తాత్త్వికంగా ఇది పదునైన మాట. కానీ దీన్ని చివరిదాకా లాగితే బంధమూ మోక్షమూ వ్యవహారం మాటలుగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. సమయసారానికి వ్యాఖ్య రాసిన అమృతచంద్రుడు రెండు దృష్టులనూ తూకంలో నిలపడానికి చాలా శ్రమపడ్డాడు. 17వ శతాబ్దంలో బనారసీదాస్, 20వ శతాబ్దంలో సోన్‌గఢ్‌కు చెందిన కాన్జీస్వామి నిశ్చయ దృష్టికే మొగ్గు చూపారు. ఇద్దరి మీదా సంప్రదాయవాదులు విరుచుకుపడ్డారు.

సంవరం, నిర్జర

ఉత్తరాధ్యయనం 30వ అధ్యాయం ఈ రెండింటికీ పెద్ద చెరువును ఉపమానంగా తెస్తుంది. ముందు నీళ్లు వచ్చే దారి మూయాలి, తరవాత ఉన్న నీటిని తోడాలి, మిగిలింది ఎండకు ఇంకిపోతుంది. దారి మూయకుండా ఎంత తోడినా ఫలం లేదు. అందుకే సంవరం లేని తపస్సుకు జైన శాస్త్రం పెద్ద విలువ ఇవ్వదు.

సంవర సాధనాలు మొత్తం 57. మనోవాక్కాయాలను అదుపులో పెట్టే గుప్తులు మూడు. నడకలో, మాటలో, భిక్షలో, వస్తువులు తీయడం పెట్టడంలో, మలమూత్ర విసర్జనలో జాగ్రత్తలైన సమితులు అయిదు. క్షమ మొదలైన ధర్మాలు పది. అనిత్యం, అశరణం మొదలైన భావనలు పన్నెండు. ఆకలి, దప్పిక, చలి, ఎండ, దోమకాటు వంటి పరీషహాలను ఓర్చుకోవడం ఇరవై రెండు. చారిత్రాలు అయిదు. మునులు నెమలి ఈకల కుంచెనో ఉన్ని కుచ్చునో చేతపట్టుకుని కూర్చునే చోటు ఊడవడం ఈ సమితుల్లో భాగమే.

నిర్జర రెండు విధాలు. కర్మ తన గడువు తీరి ఫలమిచ్చి రాలిపోవడం అందరికీ నిత్యం జరిగేదే. దాని వల్ల ఉపయోగం లేదు, రాలినంత మళ్లీ చేరుతుంది. గడువుకు ముందే తపస్సుతో రాల్చేదే తత్త్వంగా లెక్కకొచ్చే నిర్జర. తపస్సు బాహ్యం ఆరు, ఆభ్యంతరం ఆరు. ఉపవాసం, తక్కువ తినడం, భిక్షకు నియమం పెట్టుకోవడం, రుచులు మానడం, ఏకాంతంలో ఉండడం, శరీరానికి కష్టం ఇవ్వడం బాహ్యం. ప్రాయశ్చిత్తం, వినయం, సేవ, స్వాధ్యాయం, మమకారం విడవడం, ధ్యానం ఆభ్యంతరం. లోకం దృష్టి జైనుల ఉపవాసాల మీదే పడుతుంది గానీ, శాస్త్రం బరువంతా రెండో ఆరింటి మీద, అందులోనూ ధ్యానం మీద పెట్టింది.

పుణ్యపాపాలు

శుభయోగం వల్ల వచ్చే కర్మ పుణ్యం, అశుభయోగం వల్ల వచ్చేది పాపం. రెండూ ఆస్రవ బంధాల్లోనే ఇమిడిపోతాయి కనుక ఉమాస్వాతి విడిగా లెక్కపెట్టలేదు. గృహస్థులకు బోధించే గ్రంథాలు విడిగా చెప్పాయి. వాళ్లు రోజూ తడుముకునే ప్రశ్న అదే మరి. ముక్తి కోరేవాడికి పుణ్యం కూడా సంకెలే అని కుందకుందుడు కచ్చితంగా చెప్పాడు. దానధర్మాలతో గుడులు, సత్రాలు, ఆస్పత్రులు, పశుశాలలు కట్టించిన సమాజానికి ఇది మింగుడుపడే మాట కాదు. 1760లో శ్వేతాంబర తేరాపంథాన్ని నెలకొల్పిన ఆచార్య భిక్షు రాజస్థానీలో నవపదార్థాలపై ప్రత్యేకంగా ఒక గ్రంథం రాసి, లౌకికమైన మేలు వేరు, ఆధ్యాత్మికమైన మేలు వేరు అని గట్టిగా గీత గీశాడు. ఆ గీత మీద ఆనాడు రేగిన వివాదం చాలాకాలం నడిచింది.

మోక్షం

ఆత్మ మిథ్యాత్వం నుంచి ముక్తి దాకా ఎక్కే మెట్లను గుణస్థానాలంటారు, అవి పద్నాలుగు. నాలుగో మెట్టు మీద సమ్యగ్దర్శనం కలుగుతుంది. పదకొండో మెట్టు మోసకారిది; మోహం అణిగి ఉంటుందే తప్ప నశించదు, అక్కడ నుంచి జారిపడక తప్పదు. మోహాన్ని పూర్తిగా తుంచినవారు దాన్ని తాకకుండా పన్నెండోదానికి వెళతారు. పదమూడో మెట్టులో నాలుగు ఘాతి కర్మలూ పోయి కేవలజ్ఞానం కలుగుతుంది. మోక్షమార్గాన్ని చూపే తీర్థంకరులు బోధించేది ఈ దశలోనే. పద్నాలుగోది అయిదు హ్రస్వాక్షరాలు పలికేంత సేపే. ఆ పైన మోక్షం.

కేవలజ్ఞానం పొందిన కేవలికి ఆయుష్కర్మ తక్కువ మిగిలి, తక్కిన అఘాతి కర్మలు ఎక్కువ మిగిలితే ఏం చేయాలి? అప్పుడు ఆత్మ శరీరం దాటి విచ్చుకుని లోకమంతా నిండి, మళ్లీ ముడుచుకుంటుంది. దానితో కర్మల గడువులన్నీ సమానమవుతాయి. దీన్ని కేవలి సముద్ఘాతం అంటారు. ఎనిమిది సమయాల్లో ముగుస్తుంది. శరీరమంత ఆత్మ అన్న సిద్ధాంతం ఎంత దూరం పోగలదో ఇక్కడ తెలుస్తుంది.

కర్మ బరువు దిగిన ఆత్మ సహజంగా పైకి పోతుంది. లోకాగ్రంలో సిద్ధశిలకు పైన ఆగుతుంది. ఇంకా పైకి పోకుండా ఆపేది ఎవరు? ఎవరూ కాదు, అక్కడ ధర్మద్రవ్యం లేదు. అజీవంలో చెప్పిన ఒక్క ముక్క మోక్షంలో ఇలా అక్కరకొస్తుంది. సిద్ధులు, అంటే ఇలా ముక్తి పొందిన ఆత్మలు, దేనిలోనూ లీనం కారు. ఎవరి ఆత్మ వారిదే, కడపటి శరీరం కంటే కొంచెం తక్కువ ఆకారంతో, అనంతమైన జ్ఞాన దర్శన సుఖ వీర్యాలతో ఉంటారు. వారు వరాలివ్వరు, మొర వినరు.

శాఖా భేదాలు ఎక్కువగా బయటపడేది ఈ తత్త్వం దగ్గరే. కేవలి అన్నం తింటాడా? వేదనీయ కర్మ ఇంకా ఉంది కనుక ఆకలి వేస్తుంది, తింటాడు అని శ్వేతాంబరులు. మోహనీయం పోయాక వేదనీయానికి ఆ బలం ఉండదు, తినడు అని దిగంబరులు. స్త్రీ స్త్రీగానే మోక్షం పొందగలదా? శ్వేతాంబరులు ఔనంటారు, 19వ తీర్థంకరుడు మల్లి స్త్రీ అనే చెబుతారు. వస్త్రం విడవనిదే మోక్షం లేదు, స్త్రీకి అది కుదరదు, కనుక పురుష జన్మ ఎత్తాలని దిగంబరులు. మునులు దిగంబరంగా ఉంటూనే స్త్రీ మోక్షాన్ని ఒప్పుకున్న యాపనీయ సంఘం దక్కనులో చాలాకాలం వర్ధిల్లింది. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలానికి చెందిన వ్యాకర్త శాకటాయనుడు ఆ సంఘం తరఫున స్త్రీ నిర్వాణం మీదా కేవలి భోజనం మీదా విడివిడిగా ప్రకరణాలు రాశాడు. వాదంలో ఆయన పక్షమే బలంగా కనిపిస్తుంది గానీ, యాపనీయ సంఘమే నిలవలేదు.

ఇతరుల విమర్శ

శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయం రెండో పాదంలో జైనుల ఏడు పదార్థాలనూ అయిదు అస్తికాయాలనూ ప్రస్తావించి ఖండించారు. ఒకే వస్తువులో విరుద్ధ ధర్మాలు ఉండలేవన్నది ఆయన మొదటి ఆక్షేపణ: ఏడే ఉన్నాయని మీరే నిశ్చయంగా చెప్పలేనప్పుడు ఏం బోధిస్తారు? రెండోది ఆత్మ పరిమాణం గురించి. మనిషంత ఆత్మ ఏనుగు జన్మ ఎత్తితే శరీరం నిండదు, చీమ జన్మ ఎత్తితే పట్టదు. మొదటి ఆక్షేపణకు జైనుల జవాబు గట్టిదే. వాళ్లు విరుద్ధ ధర్మాలను ఒకే అపేక్షతో చెప్పరు. నిత్యత్వం ద్రవ్యం దృష్టితో, అనిత్యత్వం పర్యాయం, అంటే మారే స్థితి, దృష్టితో. రెండో ఆక్షేపణకు ముడుచుకోవడం విచ్చుకోవడమే సమాధానం. అలా మారేది అనిత్యం కాదా అని శంకరులు మళ్లీ అడుగుతారు. నిత్యమంటే మారనిది అని మీరు పెట్టుకున్న నిర్వచనాన్నే మేం ఒప్పుకోం అని జైనులు అంటారు. వాదం అక్కడితో ఆగుతుంది, ఎవరూ గెలవరు. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహంలోని ఆర్హత దర్శన ప్రకరణంలో తత్త్వాలను రెండు, అయిదు, ఏడు అని మూడు లెక్కల్లోనూ చెప్పాడు. ప్రతిపక్షం మాటను అంత శ్రద్ధగా ఎత్తి చెప్పినవారు తక్కువ.

తెలుగు నేలతో సంబంధం

కుందకుందాచార్యుని ఊరు అనంతపురం జిల్లా వజ్రకరూరు మండలంలోని కొనకొండ్ల అని సంప్రదాయం. అక్కడి రసాసిద్ధుల గుట్ట మీద జైన విగ్రహాలున్నాయి. తత్త్వచర్చలో కడపటిదాకా ఎడతెగని ప్రశ్నలు లేపిన ఆచార్యుడిని తెలుగు పాఠ్యపుస్తకాలు దాదాపు తలచుకోవు. యాపనీయులకు వేంగిలో ఆదరణ దొరికింది. 10వ శతాబ్దంలో తూర్పు చాళుక్య రాజు రెండవ అమ్మరాజు వేయించిన మలియంపూండి శాసనం యాపనీయ సంఘం అజమాయిషీలో ఉన్న కటకాభరణ జినాలయానికి గ్రామ దానాన్ని చెబుతుంది. కరీంనగర్ జిల్లా కురిక్యాలలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు సుమారు క్రీ.శ. 945లో వేయించిన శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి. కొలనుపాక జైన క్షేత్రానికి ఇప్పటికీ దేశం నలుమూలల నుంచి యాత్రికులు వస్తారు.

ఆధునిక కాలంలో హెర్మన్ యాకోబీ 1906లో తత్త్వార్థసూత్రాన్ని జర్మన్‌లోకి అనువదించాడు. చిన్నతనంలోనే చూపు పోయిన పండిత సుఖలాల్ సంఘ్వీ దానికి చేసిన వివరణ ఈనాటికీ అధ్యయనానికి మంచి ప్రవేశం. మహావీరుని 2500వ నిర్వాణోత్సవం సందర్భంగా వినోబా భావే ప్రేరణతో జినేంద్ర వర్ణి కూర్చిన సమణసుత్తం అన్ని శాఖల ఆమోదంతో వెలువడింది. అందులోని 756 గాథల్లో తత్త్వాలకు ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. దిగంబరులు ఏటా భాద్రపద శుద్ధ పంచమి నుంచి చతుర్దశి దాకా జరుపుకునే దశలక్షణ పర్వంలో తత్త్వార్థసూత్రాన్ని రోజుకో అధ్యాయం చొప్పున చదివి వ్యాఖ్యానిస్తారు. జీవం నుంచి మోక్షం దాకా ఏడు తత్త్వాలూ ఆ పది రోజుల్లో పూర్తవుతాయి.